సౌజన్యారావు కంట్లో చుక్క

మొన్న ఇంటర్నల్స్‌లో "గిరీశం, సౌజన్యారావు పాత్రలను పోల్చండి" అని పది మార్కుల ప్రశ్న వచ్చింది. క్లాసులో చాలామంది రాసిన జవాబు ఒకటే. గిరీశం మాటల సంస్కర్త, సౌజన్యారావు చేతల సంస్కర్త. ఒకడు దొంగ, ఒకరు దొర. ఈ జవాబులో తప్పేం లేదు, మార్కులూ పడ్డాయి. కాకపోతే కన్యాశుల్కం ఏడో అంకం చదివితే గురజాడ ఇంతకంటే ఇబ్బంది పెట్టే సంగతి ఒకటి చెప్పాడనిపిస్తుంది. గైడులో ఆ సంగతి లేదు. అందుకే ఈసారి గోడపత్రికకి దాని గురించి రాస్తున్నాను. ఫస్టియర్ చెల్లెళ్లకి నాటకం వచ్చే ఏడాది వస్తుంది, కథ ముందే తెలిసిపోయిందని తిట్టుకోకండి.

ముందు ఒక చిన్న సైన్సు సంగతి. ఆర్ట్స్ వాళ్లం కదా అని దాటేయకండి. మన కంటి వెనకాల తెరలో ఒకచోట చూపు ఉండదు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో దాన్ని అంధచుక్క అంటారు. నేను స్కూల్లో తమిళంలో చదువుకున్నాను కాబట్టి నాకు అది కురుట్టుప్పుళ్ళిగానే గుర్తు. (మా ఇంట్లో నాన్నది తమిళం, అమ్మది తెలుగు. ఒక్కో మాట ఒక్కో భాషలో ముందు తడుతుంది.) చిత్రం ఏంటంటే, ఆ చుక్క కంటికి వచ్చిన జబ్బు కాదు. కంటిలోంచి నరం మెదడు వైపు బయలుదేరేది సరిగ్గా అక్కడి నుంచే. నరం బయటికి పోయే చోట వెలుగుని పట్టుకునే కణాలకి చోటు లేదు. ఆ నరం లేకపోతే అసలు చూపే లేదు. ఆ ఖాళీ మనకి నల్లగా కనపడదు కూడా. చుట్టూ ఉన్న రంగుతో మెదడే దాన్ని పూడ్చేస్తుంది. పైగా ఒక కంటికి కనపడనిది రెండో కంటికి కనపడుతుంది కాబట్టి రోజూ మనకి ఆ తేడా తెలియదు.

నమ్మకం లేకపోతే ఈ కాగితం కింద చూడండి, ఎడమ పక్క ఒక ప్లస్ గుర్తు, కుడి పక్క ఒక నల్లచుక్క వేశాను. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో ప్లస్ గుర్తునే చూస్తూ మెల్లగా దగ్గరికి రండి. ఒకచోట చుక్క మాయమవుతుంది. గోడకి తల కొట్టుకోకుండా చూసుకోండి.

ఇప్పుడు నాటకానికి వద్దాం. గిరీశం తన అబద్ధం అబద్ధమని తెలిసే ఆడతాడు. వితంతు వివాహం గురించి ఉపన్యాసం ఇచ్చేటప్పుడు బుచ్చమ్మని ఎలా తీసుకుపోవాలా అన్న లెక్క అతని తలలో నడుస్తూనే ఉంటుంది. అది కపటం. కపటానికి మందు తేలిక, ఎవరో ఒకరు బయటపెడితే చాలు. సౌజన్యారావు పంతులు అలాంటి మనిషి కాదు. నిజాయితీగల వకీలు. లుబ్ధావధాన్లు లాంటి వాడు చేయని హత్యకి ఇరుక్కుంటే, అతని మీద అసహ్యం ఉన్నా వదిలెయ్యకుండా కేసు పట్టుకుంటాడు. వేశ్యల ముఖం చూడకూడదన్నది ఆయన నియమం. వేశ్యావృత్తి ఆడవాళ్లని పాడుచేస్తోందనే బాధలోంచే ఆ నియమం పుట్టింది, అందులో నటన లేదు.

కానీ ఆ నియమం వల్ల జరిగిందేమిటో చూడండి. సంస్కరణ మాటలు అందంగా మాట్లాడిన గిరీశానికి ఆయన తలుపు తెరిచి, నమ్మి, ఆదరించాడు. కేసులో అసలు రహస్యం తెలిసిన మనిషి మధురవాణి. ఆమె లోపలికి రావాలంటే మగవేషం వేసుకోవాల్సి వచ్చింది. ఈ రెండూ విడివిడి పొరపాట్లు కావు. మనిషికి ఏ పేరు తగిలించారో చూసి లోపలికి రానివ్వడం, గుమ్మంలోనే ఆపడం, ఇదొక్కటే అలవాటు. పేరు సంస్కర్త అయితే రావచ్చు, వేశ్య అయితే రాకూడదు. ఆ చివరి రంగంలో తెలివితేటలు, దయ, నిగ్రహం అన్నీ మధురవాణి పక్షానే ఉన్నాయి. ఎవరి వృత్తి పోవాలని ఆయన అంత గట్టిగా అనుకున్నాడో ఆ మనిషితో అంతవరకు ఒక్కసారైనా కూర్చుని మాట్లాడలేదు. ఇంకొకటి, బుచ్చమ్మని పూనా వితంతు శరణాలయానికి పంపాలన్న నిర్ణయం జరిగేటప్పుడు బుచ్చమ్మ ఆ గదిలో లేదు. నాటకం చదివి మెచ్చుకునేటప్పుడు ఈ ఒక్క సంగతి మన దృష్టికీ అంతగా రాదు.

ఇది నాటకంలోనే అనుకోవద్దు. కన్యాశుల్కం రెండో కూర్పు 1909లో వచ్చింది. మరుసటి ఏడాదే, 1910లో, మన మద్రాసులో వావిళ్ల వారు ఒక పుస్తకం అచ్చువేశారు. ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనము. ముద్దుపళని పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న కవయిత్రి, గణిక. అంటే తమిళ దేశంలో తెలుగు రాసిన మన మనిషే. ఆ కావ్యాన్ని వెతికి, అంతకుముందు అచ్చులో తీసేసిన పద్యాలు కూడా చేర్చి బయటికి తెచ్చింది బెంగళూరు నాగరత్నమ్మ. ఆమె కూడా అదే కులంలో పుట్టిన విద్వాంసురాలు. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి దగ్గర గుడి కట్టించింది ఈమే.

ఆ కావ్యం వినడానికే ఆడవాళ్లకి తగదు, అలాంటిది ఒక ఆడదాని నోట ఎలా వచ్చిందని తప్పుపట్టినది ఎవరనుకున్నారు? కందుకూరి వీరేశలింగం పంతులు గారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించిన మనిషి. దానికోసం బహిష్కరణ పడ్డాడు, వంటవాళ్లు, నీళ్లవాళ్లు మానేశారు. (అప్పుడు గోదావరి నుంచి నీళ్లు మోసి, పెళ్లివారికి వంట చేసింది ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ. పాఠంలో ఆమెకి ఒక వాక్యం దొరుకుతుంది, కొన్ని పుస్తకాల్లో అదీ లేదు.) ఆడవాళ్ల కోసం అంత చేసిన మనిషి ఒక ఆడకవిని చదివేసరికి కవిత్వం వదిలేసి ఆమె పుట్టుక చూశాడు. నాగరత్నమ్మ తన పీఠికలో ఊరుకోలేదు. సిగ్గు అనేది ఆడవాళ్లకేనా, మగ కవుల శృంగారం మాత్రం మీకు అభ్యంతరం లేదా అని అడిగింది. 1911లో ప్రభుత్వం ఆ పుస్తకం మీద పడింది. నిషేధం పోవడానికి స్వాతంత్ర్యం దాకా ఆగాల్సి వచ్చింది.

నా ఉద్దేశం వీరేశలింగం గారిని చిన్న చేయడం కాదు. ఆయన లేకపోతే మనలో ఎంతమందికి చదువు ఉండేదో నాకు తెలియదు. నేను చూస్తున్నది ఏంటంటే ఆ ఖాళీ ఎక్కడ వచ్చిందన్నది. ఆయన జీవితమంతా ధారపోసిన విషయంలోనే, ఆడవాళ్ల గౌరవం అనే విషయంలోనే వచ్చింది. నరం బయలుదేరిన చోటే.

అయినా వీరేశలింగం గారికి ముద్దుపళని ఎవరో దూరపు మనిషి. ఆమె చనిపోయి అప్పటికే చాలా ఏళ్లు. మరి ఎదుటి మనిషి సొంత ఇంట్లోనే ఉంటే? ప్రేమించిన మనిషే అయితే? దీనికి మన లైబ్రరీలో ఉన్న నిర్జన వారధి చదవాలి. కొండపల్లి కోటేశ్వరమ్మ గారు తొంభై ఏళ్లు దాటాక, 2012లో వచ్చిన ఆత్మకథ అది. ఈ పుస్తకం గురించి కొంచెం ఎక్కువే రాస్తాను.

కోటేశ్వరమ్మ గారిది కృష్ణా జిల్లా పామర్రు. ఊహ తెలియని వయసులో పెళ్లి చేశారు, ఊహ తెలిసేలోపే వితంతువు అన్నారు. తర్వాత కమ్యూనిస్టు కార్యకర్త కొండపల్లి సీతారామయ్యని పెళ్లి చేసుకుంది. ఆ రోజుల్లో వితంతువుని చేసుకోవడం అంటే ఊరితో తగువు పెట్టుకోవడమే, ఆయన పెట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి పార్టీలో పనిచేశారు. ఆమె పాడేది, నాటకాలు వేసేది, ఒంటిమీద బంగారం తీసి పార్టీకి ఇచ్చేసింది. పార్టీ మీద నిషేధం వచ్చిన రోజుల్లో పిల్లల్ని తల్లికి అప్పగించి, ఊళ్లు మారుతూ, పేర్లు మార్చుకుంటూ రహస్య జీవితం గడిపింది. చదువుతుంటే మనకి కూడా ఈ దంపతుల్ని చూసి ముచ్చటేస్తుంది. ఇలాంటి పెళ్లే చేసుకోవాలి అనిపిస్తుంది.

పోరాటం ఆగిపోయాక, 1950ల్లో, ఆయన ఆమెని వదిలేసి ఇంకొకరితో వెళ్లిపోయాడు.

ఇక్కడ చాలామంది పుస్తకం మూసి "చూశావా, ఈ కమ్యూనిస్టులంతా ఇంతే" అంటారు. లేదా "అది వాళ్ల సొంత విషయం, ఉద్యమంలో ఆయన పాత్ర వేరు" అంటారు. మా ఇంట్లోనే ఈ రెండు మాటలూ విన్నాను, మొదటిది తెలుగులో, రెండోది తమిళంలో. రెండూ మనకి శ్రమ తగ్గించే మాటలే అని నా అభిప్రాయం. మొదటి మాట అంటే ఆయన రాజకీయాల గురించి ఇక ఆలోచించక్కర్లేదు. రెండో మాట అంటే ఆమె గురించి ఆలోచించక్కర్లేదు.

సీతారామయ్య గిరీశం కాదు. జైలుకి వెళ్లాడు, అజ్ఞాతంలో బతికాడు, 1980లో పీపుల్స్ వార్ పార్టీ పెట్టాడు. ఆయన మార్గం మనకి నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు, నమ్మినదాని కోసం సుఖం వదులుకున్నాడన్నది మాత్రం నిజం. భూమి ఎవరి శ్రమ మీద నడుస్తోందో ఆయనకి స్పష్టంగా కనపడింది. తన ఉద్యమ జీవితం ఎవరి శ్రమ మీద నడిచిందో కనపడలేదు. పిల్లల్ని వదిలి వచ్చిందెవరు, నగలు ఇచ్చిందెవరు, మళ్లీ ఒంటరిగా ఇల్లు నిలబెట్టుకోవాల్సింది ఎవరు అన్న లెక్క ఆయన సిద్ధాంతంలో ఏ పద్దులోనూ రాలేదు.

ఆమె ఏం చేసిందో చూడండి. ముప్పై దాటిన వయసులో హైదరాబాదు ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్ చదివింది. మన మద్రాసులో దుర్గాబాయి దేశ్‌ముఖ్ మొదలుపెట్టిన సభే అది, హైదరాబాదులో కూడా పెట్టారు. తనకంటే బాగా చిన్నపిల్లల పక్కన కూర్చుని చదివి, రేడియోకి, పత్రికలకి రాసి నాలుగు డబ్బులు సంపాదించుకుంది. తర్వాత కాకినాడలో ఆడపిల్లల పాలిటెక్నిక్ హాస్టల్లో ఉద్యోగం. ఆ హాస్టల్లో ఉన్న అమ్మాయిలకి ఆమె ఎవరో ఎంతవరకు తెలుసో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. కొడుకు నక్సలైటు ఉద్యమంలోకి వెళ్లి మళ్లీ దక్కలేదు. అల్లుడు పోయాడు, ఆ వెంటే డాక్టరైన కూతురూ పోయింది. 2018లో నూరేళ్లు నిండాక ఆమె విశాఖపట్నంలో కన్నుమూసింది.

ఇంత జరిగినా ఆమె తన రాజకీయాలు వదులుకోలేదు. నన్ను ఆపేసింది ఇదే. భర్త వదిలేశాడు కాబట్టి ఆ నమ్మకం అబద్ధం అని ఆమె అనుకోలేదు. ఆ నమ్మకం ఆయన ఇచ్చింది కాదు, ఆమె పాడి, దాక్కుని, ఆకలికి ఓర్చి సంపాదించుకున్నది. అలాగని ఆయనకి మాఫీ రాసిచ్చి ఊరుకోలేదు కూడా. జరిగినది జరిగినట్టు రాసింది. తిట్టు లేదు, పొగడ్త లేదు. మధురవాణి మగవేషంలో వచ్చి చేసిన పని, ఈమె తన పేరుతోనే చేసింది.

ఆమె ఒక్కరే కాదు. స్త్రీశక్తి సంఘటన వాళ్లు తెలంగాణ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి, వాళ్ల మాటలు రికార్డు చేసి, 1986లో మనకు తెలియని మన చరిత్ర అని పుస్తకం వేశారు. తుపాకీ పట్టిన మల్లు స్వరాజ్యం ఉంది అందులో. అడవిలో కన్న బిడ్డని వేరేవాళ్ల చేతుల్లో పెట్టి దళంతో నడిచిన కమలమ్మ ఉంది. 1951లో పోరాటం విరమించాక చాలామంది మగవాళ్లు ఎన్నికల్లోకి, పార్టీ పనుల్లోకి వెళ్లారు. ఆడవాళ్లలో ఎక్కువమందికి మళ్లీ వంటిల్లే మిగిలింది. నిన్నటిదాకా కామ్రేడ్ అన్నవాళ్లే "ఇక ఇంటికి పో" అన్నప్పుడు ఎలా ఉండి ఉంటుంది? వాళ్లు చెప్పిన తీరులో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువ. అంత బాగా చూడగలిగినవాళ్లకి ఇది ఎలా కనపడలేదు అని.

ఈ పుస్తకాలు చదివాక నాకు ఒక సంగతి తేలింది. చుక్క ఎక్కడుందో ముందు తెలిసేది విమర్శకులకి కాదు, శత్రువులకి కాదు. దానివల్ల నష్టపోయే పక్కమనిషికి. భార్యకి, ప్రేమించిన పిల్లకి, స్నేహితురాలికి. చెబితే ప్రేమ పోతుందేమో, ఉద్యమానికి చెడ్డపేరు వస్తుందేమో అని ఎక్కువ భయపడేది కూడా వాళ్లే. శత్రువుకి ఆ బాధ లేదు, హాయిగా అరుస్తాడు. అందుకే సరైన మాట తప్పుడు మనుషుల నోట ముందు వినపడుతుంది, మనవాళ్లేమో దాన్ని కొట్టిపారేస్తారు.

ఇద్దరు స్నేహితురాళ్ల సంగతి చెప్పి ముగిస్తాను. పేర్లు రాయను, ఏ కాలేజీయో కూడా రాయను. ఇద్దరినీ అడిగే రాస్తున్నాను.

ఒకమ్మాయి చాలా బాగా మాట్లాడుతుంది. అంబేడ్కర్ జయంతికి అంటరానితనం మీద మాట్లాడి మొదటి బహుమతి తెచ్చుకుంది. బట్టీ పట్టిన ప్రసంగం కాదు, చదివి, ఏడ్చి తయారుచేసుకున్నది. రెండో అమ్మాయి ఆమెకి ప్రాణస్నేహితురాలు, ఆ ప్రసంగం ముందు రోజు రాత్రి ఫోన్లో నాలుగుసార్లు విన్నది ఈమే. తర్వాతి ఆదివారం ఇంటికి భోజనానికి పిలిస్తే వెళ్లింది. మంచి డబరా సెట్టులో కాఫీ ఇచ్చారు. పనికి వచ్చే ఆవిడకి మాత్రం పెరటి కిటికీ గట్టు మీదున్న గ్లాసు తీసి అందులో పోశారు. కలిసిపోకుండా ఆ గ్లాసు కింద ఎర్ర నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టి ఉంది. పోసింది మన బహుమతి అమ్మాయే. మాట ఆపకుండా, నవ్వుతూ, చెయ్యి దానంతట అదే కిటికీ దగ్గరికి వెళ్లింది.

రెండో అమ్మాయి వాళ్ల అవ్వ చూళై ఇళ్లల్లో ఇరవై ఏళ్లు అంట్లు తోమింది. ఆ సంగతి స్నేహితురాలికి చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం అంతవరకు రాలేదు.

ఆ తర్వాత ఆ ఇంటికి వెళ్లడం మానేసింది. పిలిచినప్పుడల్లా ఏదో ఒక సాకు. మూడు నెలలు అలాగే గడిచింది. ఆమె నాతో అన్నది ఇది: "పోట్లాడితే తను చెప్పిన ప్రసంగమంతా బూటకం అని నాకే అనిపిస్తుంది. అది బూటకం కాదు, నేను నాలుగుసార్లు విన్నాను కదా."

చివరికి ఒకరోజు క్యాంటీన్లో అడిగేసింది. నేను పక్కనే ఉన్నాను.

"ఏమే, మీ ఇంట్లో ఆ చుక్క గ్లాసు ఎవరిది?"

"ఏ గ్లాసు?"

నిజంగానే గుర్తు రాలేదు తనకి. కిటికీ గట్టు, నెయిల్ పాలిష్ అని చెబితే గాని తట్టలేదు. తట్టాక ముఖం ఎర్రబడింది. "అది మా పాటి అలవాటే, నాది కాదు" అంది.

"నెయిల్ పాలిష్ ఎవరిది?"

తను ఏం మాట్లాడలేదు. కాసేపయ్యాక రెండో అమ్మాయి వాళ్ల అవ్వ గురించి చెప్పింది. ఏ వీధి, ఎన్ని ఇళ్లు, జ్వరం వచ్చినా ఎలా వెళ్లేది, ఏ ఇంట్లో గ్లాసు ఎక్కడ పెట్టేవాళ్లు. ఏడుపు లేకుండా, పాఠం చెప్పినట్టు చెప్పింది. బెల్ కొట్టినా ఎవరం లేవలేదు.

ఇది జరిగి ఆరు వారాలైంది. గ్లాసు కిటికీ మీద లేదట. దాన్ని తీసేసినందుకు పాటి రెండు రోజులు అన్నం మానేసిందట, తర్వాత మామూలైందట. పనావిడ మాత్రం లోపలి గ్లాసు ఇస్తే తీసుకోకుండా "నాకు నాదే ఇవ్వమ్మా" అందట. ఆ మాటకి ఏం చెయ్యాలో ఇంకా ఆ అమ్మాయికి తెలియలేదు, రోజూ ఆవిడ పక్కన కూర్చుని అడుగుతోందట. వీళ్లిద్దరూ మళ్లీ బస్సులో ఒకే సీట్లో కూర్చుంటున్నారు. ఆ ఇంటికి మాత్రం రెండో అమ్మాయి ఇంకా వెళ్లలేదు.